రెండు వేళ్ల ఎడం

తెనాలి కాపురస్తురాలు, కీర్తిశేషులు పూర్ణచంద్రరావు గారి భార్య, డెబ్బై రెండేళ్ల కనకదుర్గ అను నేను, బుద్ధి నిలకడగా ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా వ్రాయించుకుంటున్న వీలునామా. కోపంలో వ్రాయించిందని తరువాత ఎవరైనా అంటారు. కోపంలోనే వ్రాయించాను. కోపం వస్తే మతి పోయినట్టు కాదని లాయరు రంగనాయకులు గారిని అడిగే తెలుసుకున్నాను. దీని అమలు బాధ్యత కూడా వారిదే.

1. నా స్వార్జితమైన ఇల్లు నా ఏకైక కుమారుడు గౌతమ్‌కు సర్వహక్కులతో చెందవలెను. ఇంటి గురించి నాకు పేచీ లేదు. పేచీ అంతా పీస్ లిల్లీ మొక్క గురించి.

2. అది మా వారు పెంచిన మొక్క. పోయేముందు ఆయనే తీసి ఉంచిన రెండు పిలకలను తరువాత ఇద్దరికిచ్చాను. ఇద్దరూ చంపేశారు.

3. బాపట్లలో ఉండే మా మరిది ప్రకాశరావు జానెడు పిలకను గంగాళమంత సిమెంటు తొట్టిలో పాతాడు. ఇదేంటయ్యా అంటే, "పెద్ద తొట్లో పెడితే పెద్దగా ఎదుగుద్ది వదినా, మన ఇంటికి ఆమాత్రం ఉండొద్దా" అన్నాడు. అంత మట్టిలో నిలిచిన నీళ్లు ఆ నాలుగు వేళ్లు ఎలా తాగుతాయి? నెలకే కుళ్లిపోయింది. కుళ్లబెట్టినవాడు పెళ్లి భోజనాల దగ్గర అందరూ వింటుండగా నా చెయ్యి మంచిది కాదన్నాడు! సదరు ప్రకాశరావుకు నా కుట్టుమిషను కొలత టేపు ఇచ్చి, ఈ కింది మాటలు అతని ఎదుట గట్టిగా చదవవలెను. కొత్త కుండీ పాతదానికన్నా రెండంగుళాలు వెడల్పుంటే చాలు. వేళ్ల ముద్ద చుట్టూ మన రెండు వేళ్లు పట్టేంత ఎడం ఉండాలి, అడుగున చిల్లుండాలి. ఇంతే. మా వారు తమ్ముడికి ముప్పై ఏళ్లు చెప్పారు.

4. గౌతమ్ సోఫా రంగుకు కలిసిందని చిల్లు లేని పింగాణీ గిన్నెలో పెట్టాడు. "చిల్లుంటే టీపాయ్ పాడవుద్దమ్మా" అన్నాడు. టీపాయ్ బాగానే ఉంది నాయనా, దాని మీద మీ నాన్న మొక్కే లేదు. ఇల్లు నీదే గాని అందులో ఒక్క కుండీ కూడా నీకివ్వను.

5. మిగిలిన తల్లి మొక్క, రేపల్లె నుంచి పొద్దుటి రైల్లో చేపలు తెచ్చి అమ్మే లక్ష్మీతిరుపతమ్మకు. బంధువులెవరూ మూతి తిప్పనక్కర్లేదు. మా వారు పోయిన ఈ ఎనిమిదేళ్లలో ఆ కుండీ ఎత్తి అడుగు చూసింది ఆవిడొక్కతే. "వేళ్లు చిల్లులోంచి బయటికొచ్చేశాయమ్మగారూ, ఊపిరాడట్లేదు దీనికి. ఇన్నేళ్లూ కుండీ మార్చలేదేంటండి?" అంది. నీకెందుకని అరిచి గేటు వేసేశాను. మర్నాడు చేపలు కడిగిన నీళ్లు ఎప్పట్లాగే తెచ్చి మొక్కకు పోసి వెళ్లింది.

6. ఎందుకు మార్చలేదో చెబుతున్నాను. ఆ మట్టి మా వారు చివరిసారి తన చేత్తో నొక్కింది. కదిలించడానికి మనసొప్పలేదు. ఊరందరికీ కొలతలు చెప్పే నేను, ఆకులు పసుపుబారుతుంటే చూస్తూ కూర్చున్నాను. వాళ్లిద్దరికీ చెప్పినా తలకెక్కలేదు. నాకు తెలుసు. అందుకే అందరికన్నా నా మీదే నాకు మంట.

7. వీలునామా నేను పోయాకే అమలవుతుందని రంగనాయకులు గారన్నారు. మిగతావి అలాగే కానివ్వండి. మొక్క అంతవరకు ఆగదు. సంతకాలు కాగానే, ఈ పూటే, తిరుపతమ్మ దాన్ని తీసుకోవాలి. పదంగుళాల కుండీ కొని వరండాలో ఉంచాను. వేళ్లు పట్టుకుపోయాయి కాబట్టి పాతది పగలగొట్టక తప్పదు. అది పగిలేదాకా నేను వంటింట్లో ఉంటాను. నన్నెవరూ పిలవవద్దు.

తెనాలి, 14-07-2025.

(సంతకం) కనకదుర్గ

సాక్షులు:
1. కిరీటి, పక్కింటివారు
2. సుబ్బాయమ్మ, ఎదురింటివారు