అక్కకు చేరని ముద్ద

లువాంగ్ ప్రబాంగ్

నాయనా విలైసాక్,

నిన్న తెల్లవారుజామున పాత రాజభవనం ముందు భిక్షకు వచ్చే భిక్షువులకు అన్నం పెట్టడానికి చాప మీద కూర్చున్న ముసలిదాని వెనక నిలబడి, “ఇదిగో పెద్దమ్మా, కాస్త పక్కకు జరుగు, మావాళ్ల ఫొటోలో పడుతున్నావు” అన్నావే, ఆ ముసలిదాన్ని నేనే. మీ అమ్మా నేనూ ఎప్పుడూ కూర్చునే చోటే అది. ముఖం చూడకుండా అన్నావు కాబట్టి తిట్టను. జరిగాను.

నువ్వు ఊరు చూపించే టూరిస్టులు అక్కడ కూర్చుని, అంగడిలో కొన్న చల్లన్నం భిక్షువుల పాత్రల్లో కుక్కారు. నా దగ్గరికి వచ్చేసరికి పాత్రలు నిండి మూతలు పడ్డాయి. నేను వండిన వేడి అన్నం బుట్టలోనే ఉండిపోయింది.

ఆ పాత్రలో పడిన ముద్దే పోయినవాళ్లకు చేరుతుందని నీకు నేను చెప్పాలా? ఏటా వచ్చే మీ అమ్మ పోయిన రోజు నిన్నే.

ఫొటోలు బాగానే వచ్చి ఉంటాయి. మా అక్క మాత్రం పస్తు పడుకుంది.

మీ పిన్ని