అర్జీ నంబరు 4417: ఎమ్మెల్యే గారి పనితీరు

అమీర్‌పేట, జూన్ 2

ఎమ్మెల్యే గారి కార్యదర్శి సారయ్య గారికి,

నమస్కారం. నా పేరు హైందవి. శాసనసభ్యుల పనితీరును అంచనా వేసే ఒక చిన్న సంస్థలో కొత్తగా చేరాను. మీ మహిపాల్ గారు ఇరవై మూడేళ్లుగా సభలో ఉన్నారు కాబట్టి మొదటి నివేదిక ఆయన మీదే. రెండే విషయాలు కావాలి. సభలో ఆయన ఎన్ని ప్రశ్నలు వేశారు? వాటిలో ఎన్నింటికి ఫలితం వచ్చింది? జవాబు మీ ఆఫీసు నుంచే రాతపూర్వకంగా రావాలని మా డైరెక్టరు చలపతిరావు గారి నియమం. ఈ నెల 30న అచ్చుకు వెళుతుంది. దాని మీద నా పేరు ఉంటుంది. నా పేరు అచ్చులో చూసుకోవడం ఇదే మొదటిసారి.

జవాబు కోసం ఎదురుచూసే
హైందవి

తా.క. ఫోన్ చేయకపోవడం గర్వం వల్ల కాదు, బెరుకు వల్ల. నేను సార్‌ను ఏ సాయమూ అడగడం లేదు.

పంజాగుట్ట క్యాంపు ఆఫీసు, జూన్ 6

అమ్మా హైందవీ,

సార్ ఆశీస్సులు. మీ అర్జీ చేరింది. నంబరు 4417. సాయం వద్దని రాసేవారికే అవసరం ఎక్కువని నా అనుభవం. మొహమాటానికి మీరు సమస్య రాయకపోయినా, చిరునామా చూసి మేమే గ్రహించాం. మీ వీధి నుంచి వచ్చేవన్నీ నీళ్ల అర్జీలే. సార్ సంతకంతో నీళ్ల ఆఫీసుకు లేఖ పంపాం.

మీ పని మా పనిగా భావించే
సారయ్య

తా.క. ఇరవై మూడేళ్లలో సార్ ఎవరికీ లేఖ లేదనలేదు. పని కావడం, కాకపోవడం ఎవరి అదృష్టం వారిది.

అమీర్‌పేట, జూన్ 11

సారయ్య గారికి,

నిన్న నీళ్ల ఆఫీసు నుంచి ఒకాయన వచ్చారు. మా కుళాయి బాగానే వస్తోంది. ఆయన చాలాసేపు దాన్ని దిగులుగా చూశారు. ‘ఎమ్మెల్యే సార్ లేఖ ఉన్నది, ఏదో ఒకటి చెయ్యకుంటె ఎట్ల మేడం’ అన్నారు. అమ్మ కాఫీ ఇచ్చింది. నాకు నీళ్లు వద్దండీ, జవాబులు కావాలి.

ఓపికతో
హైందవి

తా.క. ఆయన బాగు చేసి వెళ్లారు. ఇప్పుడు కారుతోంది.

పంజాగుట్ట, జూన్ 15

అమ్మా హైందవీ,

తప్పు మాదే. మీ అర్జీ మళ్లీ చదివాను. ముప్పయ్యో తారీఖు, మొదటిసారి అచ్చులో పేరు, బెరుకు. ఆడపిల్ల ఇంతకంటే ఎలా చెప్పుకుంటుంది? సార్‌కు చెప్పగానే, ‘మన గల్లీ పిల్ల పెండ్లికి పోకుంటె ఎట్ల? శాలువ తెప్పియ్యి సారయ్యా’ అన్నారు. మీ అమ్మగారు నీళ్లాయనకు ఇచ్చిన నంబరుకు ఫోన్ చేసి మీ ఫోటో తెప్పించాం. మైత్రీవనం దగ్గర పెండ్లి శుభాకాంక్షల ఫ్లెక్సీ కట్టించాం.

కొత్త కాపురానికి శుభం కోరే
సారయ్య

తా.క. పెండ్లికొడుకు ఫోటో దొరకలేదు. ఆ జాగాలో సార్ ఫోటోనే వేయించాం.

అమీర్‌పేట, జూన్ 18

సారయ్య గారికి,

నాకు పెళ్లేమీ కావడం లేదు. అక్కడ కోచింగ్‌కు వచ్చే పిల్లలందరూ ఆ ఫ్లెక్సీ చూస్తున్నారు. నేను ముఖానికి స్కార్ఫ్ కట్టుకుని ఆఫీసుకు వెళ్తున్నాను. దయచేసి ఆ రెండు జవాబులు పంపండి. చలపతిరావు గారు, ‘ఏంటమ్మా, రెండు అంకెలు తెప్పించలేకపోతే ఎలా? నివేదిక నీ పక్క సీటు రవికాంత్‌కి ఇచ్చేస్తాను’ అన్నారు. నా ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు. ఆ నివేదిక మీద నా పేరే ఉండాలి. ఇంతకంటే ఏమీ కోరను.

నిజంగా వేడుకుంటూ
హైందవి

తా.క. శ్రీనగర్ కాలనీ నుంచి అత్తయ్య ఫోన్ చేసింది. పెళ్లికొడుకు వయసు కొంచెం ఎక్కువేమో అంది.

పంజాగుట్ట, జూన్ 21

అమ్మా హైందవీ,

ఇప్పుడు అసలు సంగతి తెలిసింది. సార్ చాలా బాధపడ్డారు. ‘పాపం, పిల్ల నౌకరీ పర్మనెంట్ కాలేదంట. జర చలపతిరావుకు రాయి’ అన్నారు. లేఖ నిన్ననే పోయింది. ఫికర్ చేయకండి.

సారయ్య

తా.క. ఫ్లెక్సీ తీయడానికి ఎమ్మెల్యే లేఖ కావాలట. సార్‌కు అర్జీ పెట్టాను.

అమీర్‌పేట, జూన్ 27

సారయ్య గారికి,

నన్ను పర్మనెంట్ చేయాలని సంస్థ ముందే నిర్ణయించిందట. ఆ కాగితం మీ లేఖ వచ్చిన మర్నాడు నా చేతికొచ్చింది. ఇక ఎవరు నమ్ముతారు? ఎమ్మెల్యే సిఫారసు ఉన్న మనిషి ఎమ్మెల్యే పనితీరు మీద రాయకూడదని నివేదిక నా నుంచి తీసేసుకున్నారు. రవికాంత్‌కి ఇవ్వబోతే, అతని చెల్లెలి కాలేజీ సీటుకు మీ సార్ లేఖ ఉందని తేలింది. చలపతిరావు గారే రాస్తానని కూర్చుని, వాళ్లింటి కరెంటు మీటరు కూడా మీ సార్ లేఖతోనే వచ్చిందని గుర్తొచ్చి లేచారు. ఈ ఏడాదికి నివేదిక లేదు.

ఒక్క సందేహం. నా ఉత్తరం మీకు నిజంగానే అర్థం కాలేదా?

హైందవి

పంజాగుట్ట, జూన్ 30

అమ్మా హైందవీ,

రెండో వాక్యానికే అర్థమైంది.

పంతొమ్మిదేళ్ల కింద ఇవే రెండు ప్రశ్నలతో నేను ఈ మెట్లెక్కాను. అప్పుడు లక్డీకాపూల్‌లో ఒక వారపత్రికలో పని. జవాబు రాలేదు. రేషన్ కార్డు వచ్చింది. తమ్ముడికి హాస్టల్ సీటు వచ్చింది. నాలుగో నెలలో ఈ కుర్చీ వచ్చింది. సార్ పనితీరు మీద ఆ తర్వాత నేను ఒక్క ముక్క రాయలేదు, సార్ తరఫున రాసినవి తప్ప.

వచ్చే మార్చిలో రిటైర్ అవుతున్నాను. మీ ఉత్తరాలన్నీ సార్‌కు చదివి వినిపించాను. ‘గీ పిల్ల రాసినట్టు మన ఆఫీసుల ఒక్కడు సుత రాయడు. అడిగి చూడు’ అన్నారు. అడుగుతున్నాను. తొందరేం లేదు, మార్చి దాకా ఆలోచించుకోండి.

ఒకప్పటి విలేకరి
సారయ్య

తా.క. ఇక అచ్చుకు పోదు కాబట్టి చెబుతున్నాను. సార్ సభలో వేసినవి ఎనిమిది ప్రశ్నలు. ఏడింటికి ఫలితం లేదు. ఎనిమిదోది, తన మైకు ఎందుకు పని చేయడం లేదని. మర్నాడే కొత్త మైకు పెట్టారు. ఆ తర్వాత సార్ మాట్లాడలేదు.