అన్ని మెట్లూ సమానం

నవంబర్ 9, ఆదివారం
చర్చి స్టోర్‌రూంలో చాపల కింద ఎలక్ట్రిక్ పియానో! మిషన్ దొరల కాలం నాటిది. ప్రతి మెట్టుకూ ఒక చిన్న సుత్తి, అది కొట్టడానికి ఉక్కు పుల్ల, పుల్ల ముందు కాయిల్. కాయిల్! నర్సింగన్న షాపులో బోరు మోటార్లకు నేను రోజూ చుట్టేదే.

కమిటీ పెద్ద జేమ్స్ మామ మాత్రం కోత పండుగ వేలంలో దాన్ని పాత సామానోడికి ఇచ్చేస్తాడట. కొత్త కీబోర్డు కొంటాడట. బాగుచేసుకునే హక్కు మీద నా దగ్గరున్న కరపత్రం మొత్తం ఆయన ముఖాన చదివాను. విసిగిపోయి, పండుగనాటికి పలికిస్తే చూద్దామన్నాడు.

నవంబర్ 12
పియానో కాలిన కాయిళ్ళు మళ్ళీ చుడుతున్నా. వెంట్రుకకన్నా సన్నని తీగ. ఊపిరి వదిలితే తెగుతోంది. మనూర్ రైతుల చేలు ఎండుతుంటే నీకు పాటలు కావాలా అని నర్సింగన్న తిట్టాడు. నిజమే. ముందు మోటార్లు చుట్టాను. కోపంగానే.

నవంబర్ 15, పొద్దున 6
పలికింది!!

నవంబర్ 18
పుల్లను కాయిల్‌కు దగ్గరగా జరిపితే అరుస్తుంది, దూరంగా జరిపితే గొణుగుతుంది. అయితే ఎవరు అరవాలో, ఎవరు గొణగాలో నిర్ణయించేదెవరు? ఫోన్‌లో సౌండ్ మీటర్ పెట్టి అన్ని మెట్లనూ ఒకే మోతకు తెచ్చాను. ఆ మూల చివరి మెట్టు కూడా నడిమి మెట్టంత గట్టిగా మాట్లాడుతుంది. సమానత్వమంటే ఇదీ!

నవంబర్ 20
రిహార్సల్. సర్వనాశనం.

లిదియా చిన్నమ్మ కూతురు రోజ వాయించింది. ఆడవాళ్ళ పాట నడిపించే చిన్నమ్మ రెండో చరణంలోనే ఆపేసింది. పై మెట్లు కీచుమంటూ వాళ్ళ గొంతుల మీద పడ్డాయి. పాత సామానోడిని ఇప్పుడే పిలవనా అని జేమ్స్ మామ నవ్వాడు. నేను సమానత్వం మీద లెక్చర్ దంచాను. చిన్నమ్మ అంతా విని అంది:

"అందరు సమానమే బిడ్డా. గని అందరు ఒక్కపారి ఒర్రితే ప్రార్థన ఎట్లయితది? నా గొంతు సన్నగైంది. దాన్ని జర ఇననియ్యి."

ఇంటికొచ్చి కరపత్రాలన్నీ తిరగేశాను. సన్న గొంతుల గురించి ఒక్క ముక్క లేదు.

నవంబర్ 22
మీటర్ ఆఫ్. చిన్నమ్మను పక్కన కూర్చోబెట్టి, ఆమె పాడుతుంటే పై పుల్లలను ఒక్కొక్కటే వెనక్కి జరిపాను. ఆ సుత్తుల మొనలకు మెత్తటి ఫెల్ట్ గుడ్డ అతికించాను. కింది మెట్లు గట్టిగానే ఉంచాను, మగవాళ్ళు ఎలాగూ శ్రుతిలో ఉండరు. ఒకచోట ఆమె ఊపిరి తీసుకోవడం పియానో మధ్యలోంచి వినిపించింది. స్క్రూడ్రైవర్ కింద పెట్టేశాను.

నవంబర్ 23, కోత పండుగ
గుమ్మడికాయలు, జొన్న కంకులు, కోళ్ళు వేలంలో పోయాయి. తర్వాత పియానో. కొనేవాళ్ళు వినాలిగా, ఒక్క పాట అన్నాడు జేమ్స్ మామ, వేలం మొదలుపెట్టడానికి చెయ్యెత్తి పట్టుకుని. ఆడవాళ్ళు పాడారు. ఆపకుండా ఇంకోటి ఎత్తుకున్నారు. తర్వాత ఇంకోటి.

మామ ఎత్తిన చెయ్యి వేలం మరిచి తాళం వేస్తోంది.