చీనాలో చీనీకాయలు

నువ్వు చేయాల్సిన ప్రయాణాన్ని నా నెత్తిన పడేసి పోయావు, మద్దిలేటన్నా. ఇది అన్యాయం. ఆదోని జిన్నింగు మిల్లు కూలీల తరఫున చీనా చూసి రమ్మని అందరూ ఎంచుకున్నది నిన్ను. దూది దుమ్ముకు ఊపిరి ఆడటం లేదని ఒక్కరికీ చెప్పకుండా చచ్చిపోయావు. నీ కోటు తొడుక్కుని నేను పోయి వస్తున్నాను.

షాంఘైలో ఒకరోజు మమ్మల్ని ఊరు చూసుకోమని వదిలేశారు. ఏటి గట్టున పడవలు చూశాను, పాలు లేని టీ తాగాను, సైకిళ్ల మధ్య ఊరికే తిరిగాను. కళ్లు మాత్రం పండ్ల బండ్ల మీదే. బత్తాయిని మనం చీనీకాయ అంటాం కాబట్టి అది పుట్టింది చీనాలోనే అని నీ వాదం. "అసలైన చీనీకాయ తెస్తా సూడు" అని వదినకు మాట కూడా ఇచ్చావు.

ఎక్కడా కనబడక, ఒక ముసలామె బండి ముందు నిలబడి "చీనీ! చీనీ!" అని అడిగాను. ఆమె చప్పట్లు కొట్టింది. వీధిలో వాళ్లంతా చుట్టూ చేరి "హిందీ చీనీ భాయీ భాయీ!" అని అందుకున్నారు. ముసలామె నా చేతిలో బేరిపండు పెట్టింది. నువ్వయితే పొట్ట పట్టుకుని నవ్వేవాడివి. నేను దాన్ని నీ కోటు జేబులో వేసుకున్నాను.

ఇప్పుడు రైలు గుంతకల్లులో ఆగింది. ఎమ్మిగనూరు నుంచి బస్సెక్కి వదిన ఆదోని స్టేషనుకు వస్తుంది. పోయేటప్పుడు ఆమె అడిగింది ఒక్కటే.

"మీయన్న సెప్పింది నిజమో అబద్దమో సూసి రాప్పా."

ఏం చెప్పాలి? ఆదోనిలో రైలు ఆగేలోపల నాకు జవాబియ్యి. ఇయ్యకపోతే, చీనాలో వీధి వీధినా చీనీకాయలే అని చెప్పేస్తాను.