ఇరవై మూడు పలుకుతోంది

జూన్ 3, మంగళవారం. మధ్యాహ్నం 3:10

లేదు, భయం వల్ల కాదు. ఏసీ కింద నిలబడి వేళ్లు మొద్దుబారాయి, అందుకే జారింది. స్కానర్ కింద పడింది కానీ పగల్లేదు.

ఇది నా నెంబర్‌కే నేను పెట్టుకుంటున్న మెసేజ్. ఎవరూ చదవరు. తప్పులుంటే ఉండనీ. నేను ఏడో క్లాసు దాకానే చదివాను.

జరిగింది ఇది. ఉప్పల్‌లో సూపర్ మార్కెట్, వెనక స్టాక్ రూమ్‌లో నా డ్యూటీ. పెసరపప్పు అట్టపెట్టెలు వచ్చాయి. పెట్టె మీద బార్‌కోడ్ చుట్టూ మందంగా నల్లటి చట్రం ఉంటుంది. అది స్కానర్‌తో కొట్టాను, పలికింది. మా దగ్గర బీప్ వస్తే పలికింది అంటారు. తర్వాత ప్యాకెట్ తీశాను. ప్యాకెట్ మీద రెండుంటాయి. పైది కొట్టాలి, అది రేటుకు. నేను కింద ఉన్న సన్నది కొట్టాను. దాన్ని కౌంటర్‌లో ఎవరూ కొట్టరు. ప్యాకెట్ ఎవరు కట్టారు, ఎప్పుడు కట్టారు అనేది అందులో ఉంటుంది.

స్క్రీన్ మీద వచ్చింది: ప్యాకర్ 23. మరియా. జూన్ 1.

మరియా మా అమ్మ. నాచారంలో మా మార్కెట్ వాళ్లదే ప్యాకింగ్ షెడ్ ఉంది, అందులో పప్పులు కట్టేది. జ్వరమొచ్చి ఏప్రిల్ 9న చనిపోయింది.

జూన్ 4

ఈరోజు అమ్మ పన్నెండు ప్యాకెట్లు కట్టింది. అన్నీ కందిపప్పు.

జూన్ 7, శనివారం. టీ టైమ్

ఉపేందర్ అన్న నాకు సీనియర్. నేను ప్యాకెట్ చేతిలో పెట్టుకుని చూస్తుంటే పట్టుకున్నాడు. ఏంరా టిమోతీ, ప్యాకెట్ తోని ముచ్చట పెడుతున్నవా, అదే నీకంటే ఎక్కువ మాట్లాడుతది అన్నాడు. లోడింగ్ వాళ్లు నవ్వారు.

బార్‌కోడ్‌లు ఎన్ని రకాలన్నా అని అడిగాను. నేను నోరు తెరిచి ఏదైనా అడగడం ఇదే ఫస్ట్. అన్న ఖుషీ అయ్యాడు. సబ్బు తీసి చూపించాడు. 890తోని మొదలైతే ఆ నెంబర్ ఇండియాల తీసుకున్నరన్నట్టు, సరుకు ఈడ్నే తయారైందని కాదు అన్నాడు. మన పప్పు ప్యాకెట్ 2తోని మొదలైతది, అది మన దుకాణంలనే నడుస్తది, గేటు దాటితే దాన్ని ఎవ్వడు గుర్తుపట్టడు అన్నాడు. మందు గోలీల డబ్బా మీద చుక్కల గడి ఉంటది, పైసలు కొట్టేది క్యూఆర్. కింద సన్నదాంట్ల అంకెలతోపాటు అక్షరాలు కూడా పడతయ్, అందుకే మనిషి పేరు పెడుతరు అన్నాడు.

చనిపోయినవాళ్ల పేరు కూడా పడుతుందా అని అడగాలనుకున్నాను. సబ్బు తీసుకుని అరలో పెట్టాను.

జూన్ 8

చర్చిలో అందరూ కళ్లు మూసుకున్నారు. నాకు బీప్ వినిపించింది.

జూన్ 10

అమ్మ కవరు మూతికి రెండుసార్లు సీల్ వేసేది. పురుగు పట్టకూడదని. 23 నెంబర్ ప్యాకెట్లన్నీ తీసి చూశాను. రెండు గీతలు. మిగతావాళ్లవి ఒక్కటే గీత.

ఒక ప్యాకెట్ చెవి దగ్గర పెట్టుకున్నాను. పప్పు చప్పుడే.

జూన్ 12, గురువారం. 11:40

పోచారం నుంచి ఒక మేడం ప్యాకెట్ వాపస్ తెచ్చింది. అరకిలోకు నలభై గ్రాములు తక్కువ. మేనేజర్ విజయభాస్కర్ సార్ ఇంకో పది తూకం వేయించారు. తక్కువ వచ్చినవన్నీ 23వే.

సార్‌కు మస్తు కోపం వచ్చింది. ఎవరీ మరియా, ఎన్ని రోజులసంది నడుస్తుందీ దొంగతనం అన్నారు. మనుషులు దొరుకుతలేరు, తీసెయ్యకున్రి, పేరు రాసి షెడ్ గేటుకు అంటియ్యిన్రి, సిగ్గొస్తది అని షెడ్‌కు ఫోన్ చేశారు.

నేను మేలో చేరాను. అమ్మ గురించి ఇక్కడ ఎవరికీ తెలియదు. మా అమ్మ సార్ అనే మాట నోట్లోనే ఉంది. వెళ్లి ఉప్పు బస్తాలు సర్దాను.

జూన్ 13, శుక్రవారం. బస్సులో

వీక్లీ ఆఫ్. నాచారం వెళ్లాను. గేటు మీద కాగితం ఉంది. ప్యాకర్ 23, మరియా, తూకంలో మోసం. షిఫ్ట్ మారేటప్పుడు ఫ్యాక్టరీల వాళ్లందరూ ఆ దారినే పోతారు. ఒకాయన బండి ఆపి చదివాడు.

అమ్మ కూర్చునే చోట పాపమ్మ అని ఒకామె ఉంది. కాంటా పక్కన మేకుకు అమ్మ బ్యాడ్జ్ వేలాడుతోంది. ఆమె నన్ను గుర్తుపట్టింది. మరియా కొడుకువు గదా బిడ్డా, గిట్ల సన్నగైనవేంది అంది.

తన బ్యాడ్జ్ మీద బార్‌కోడ్ గీతలు చెరిగిపోయాయట. నాది పలుకుతలేదు బిడ్డా, బ్యాడ్జ్ పలకకుంటే కాంటా లేబుల్ ఇయ్యది, మా సూపర్‌వైజరే మీ అమ్మది వాడుమన్నడు, పైకి చెప్పలే అంది. రెండుసార్లు సీల్ వేయడం కూడా అమ్మే నేర్పిందట. ఆ కాగితం చూసినకాంచి ముద్ద దిగుతలేదు, కాంటా అయిదొందలు చూపిస్తేనే కడుతున్న, నా పిల్లల మీద ఒట్టు అంది.

ఆమె పప్పు పోసి తూచేది స్టీలు గిన్నెలో. నీదేనా అని అడిగాను. నాదే, ఎవరి గిన్నె వాళ్లదే, నెంబర్ కొడితే వాళ్ల గిన్నె బరువు కాంటా తీసేసుకుంటది అంది.

అమ్మది పలుచని సిల్వర్ గిన్నె. అమ్మ పోయాక చెప్పులతోపాటు కవర్లో పెట్టి షెడ్ వాళ్లు మాకు ఇచ్చారు. నేను రోజూ అందులోనే తింటున్నాను.

జూన్ 14. పొద్దున 9

పాపమ్మ గిన్నె నిన్న అక్కడే తూచాం, వంద గ్రాములు. అమ్మది ఇప్పుడు తూచాను. అరవై. తేడా నలభై. కాంటా ఇంకా అమ్మ గిన్నె ఉందనే అనుకుంటోంది.

చెబితే 23 తీసేస్తారు. చెప్పకపోతే అమ్మ రోజూ వస్తుంది, దొంగలాగా.

జూన్ 15

చెప్పలేదు.

జూన్ 16, సోమవారం

గిన్నె సార్ టేబుల్ మీద పెట్టాను. మరియా మా అమ్మ, చనిపోయింది, ఈ గిన్నె నా దగ్గర ఉండిపోయింది అన్నాను. రెండు గిన్నెల బరువులు, పాపమ్మ బ్యాడ్జ్ సంగతి కూడా చెప్పాను. చెమటకు చొక్కా వీపుకు అంటుకుంది.

సార్ గిన్నె తీసుకెళ్లి కాంటా మీద పెట్టి చూశారు. ముందే చెప్పొద్దారా అన్నారు. కోపంగా కాదు. షెడ్‌కు ఫోన్ చేసి, ఆ కాగితం నువ్వే నీ చేత్తోని చింపు అని సూపర్‌వైజర్‌ను అన్నారు. పాపమ్మకు ఇయ్యాల్నే కొత్త బ్యాడ్జ్ కావాలె అన్నారు.

తర్వాత సిస్టంలో 23 తెరిచారు. అక్కడే ఉన్న ఉపేందర్ అన్న నా భుజం పట్టుకుని, జర బయటికి పో తమ్మీ, నేను జేస్త అన్నాడు. పోలేదు. పేరు తీసేయాలా, అవునా కాదా అని స్క్రీన్ అడిగింది. నేనే నొక్కాను.

జూన్ 18

సన్నది కొట్టాను. ప్యాకర్ 31, పాపమ్మ. తూకం సరిపోయింది.

జూన్ 19. సాయంత్రం 5:30

షెడ్‌లో మనిషి కావాలంట. పోతవారా, గొడ్డులెక్క పనిచేస్తవ్ గదా అన్నారు సార్. ఖాళీగా ఉన్న నెంబర్ 23 ఒక్కటే. స్క్రీన్ మీద పేరు ఉండేచోట తెల్లగా ఉంది, చిన్న గీత ఒక్కటి ఆరి వెలుగుతోంది, ఎవరో పిలుస్తున్నట్టు. రేపటికల్లా చెప్పాలి.

ఎవరైనా ఇది చదువుతుంటే, మీరైతే 23 తీసుకుంటారా?