నరానికి తొవ్వ

బాపూ,

నీ సంవత్సరీకం చేసి నిన్ననే జడ్చర్ల ల్యాబుకు తిరిగొచ్చాను. ఉన్ని కత్తిరిస్తూ కోసుకున్న నీ వేలు మొద్దుబారితే, స్పర్శ వచ్చిందేమోనని రోజూ గొర్రెపిల్ల నోట్లో పెట్టి చూసేవాడివి. "నరం మళ్ల మొలిస్తే దానికి తొవ్వ ఎవలు జూపిస్తరు బిడ్డా?" అని అడిగావు. నాకప్పుడు తెలియదు.

ఇవాళ నరకణాల పక్కన నరాన్ని పెంచే ప్రోటీన్ చుక్క వేశాం. తల్లిగొర్రె పిల్ల తోక వాసన చూసి తనదేనని నమ్మాకే పాలిస్తుంది కదా, కణమూ అంతే. పైపొర మీది గ్రాహకం ఆ ప్రోటీన్‌ను గుర్తుపట్టి పట్టుకుంటేనే లోపలికి కబురు పోతుంది. సాయంత్రానికి నరం చుక్క వైపే సన్నగా సాగింది.

పోయేముందు ఒక పొద్దున ఫోన్ చేసి "సుర్రుమన్నది బిడ్డా!" అన్నావు. ఎక్కడ మొదలైంది బాపూ, వేలి మొదట్లోనా, కొసలోనా? సూక్ష్మదర్శినిలో అది కనపడదు.