వెనక్కి విసిరిన బిందె

అన్నా,

నువ్వు పోయాక నీ ఇండియా జెర్సీ అడగడానికి మన ఫలక్‌నుమా దుకాణానికి ఎవరెవరో వస్తున్నారు. అందరూ నీతో రగ్బీ ఆడినవాళ్లేనట! నిన్న నీ సంవత్సరీకం పెట్టాం. ఇవాళ పొద్దున్నే ఇంకొకాయన దిగాడు.

నా చూపు ముందు ఆయన చెవుల మీదికే పోయింది. తలలు ఆనించి తోసుకునే స్క్రమ్‌లో నలిగి నీ చెవులు ముడుచుకుపోయాయి కదా. ఆయనవి చక్కగా ఉన్నాయి.

"ఆడినోని చెవులు గిట్లుంటయా?" అన్నాను.

"నేను వింగ్‌ల ఆడిన భాయ్. ఉరుకుడే నా పని. స్క్రమ్‌ల దూరకపోతుంటి."

ఎవరైనా చెప్పగల మాటే. ఇంతలో సరుకు ఆటో వచ్చింది. ప్లాస్టిక్ బిందెలు దించేటప్పుడు నువ్వు తల తిప్పకుండానే వెనక దుకాణంలోకి విసిరేవాడివి. "రగ్బీల బాల్ ఎన్కకే ఇయ్యాలెరా. మనోడు ఉండనే ఉంటడు, చూసుడెందుకు?" అనేవాడివి. పట్టేవాడిని నేను. నువ్వు పోయాక ఒక్కడినే మోసుకుంటున్నాను.

ఆయన నా వెనకే నిలబడ్డాడు. చూద్దామని, చెప్పకుండా, తిరగకుండా ఒక బిందె వెనక్కి విసిరాను. కింద పడే చప్పుడు కోసం ఆగాను. రాలేదు.

రెండోది కూడా వెనక్కి చూడకుండానే విసిరాను.